దొర తలగుడ్డ

మొన్న గాజువాక జంక్షన్లో బస్సు కోసం నిలబడి ఉంటే వెనకనుంచి ఎవరో "ఓ దొరా!" అని గట్టిగా కేకేశారు. ఒళ్ళు ఝల్లుమంది. గిరుక్కున తిరిగి చూశాను. ఒక ఆటో కుర్రాడు ఇంకో ఆటో కుర్రాణ్ణి పిలుస్తున్నాడు. ఇద్దరూ ఏదో అనుకుని పగలబడి నవ్వుకున్నారు. వాళ్ళ మీద నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆ కోపానికి అర్థం లేదని తెలుసు. నేనెక్కాల్సిన బస్సు వచ్చి వెళ్ళిపోయింది. నేను మాత్రం పోయిన మనిషిని తలుచుకుంటూ అక్కడే నిలబడిపోయాను.

మా దొరకి తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. హాజరు పిలిచేటప్పుడు తప్ప దాన్ని ఎవరూ వాడలేదు. నేనూ ఇక్కడ వాడను. పుట్టుకతోనే ఒంట్లో రంగు లేని మనిషి. అమ్మా నాన్నా చామనఛాయ, అక్క చామనఛాయ. ఇతనొక్కడే సున్నం కొట్టిన గోడలా పుట్టాడు. జుట్టు మొక్కజొన్న పీచు రంగు, కనుబొమ్మలూ అదే రంగు. కళ్ళు వెలుతురులో నిలకడగా ఉండేవి కావు, అటూ ఇటూ కదులుతూనే ఉండేవి. ఏదైనా చూడాలంటే ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూసేవాడు. ఊళ్ళో పిల్లలు చిన్నప్పుడే "దొర" అని పేరు పెట్టేశారట. అతనూ దాన్ని మర్యాదగానే పుచ్చుకున్నాడు.

ఉక్కు కర్మాగారం ఇంకా ముగ్గు గీతలూ, సర్వే రాళ్ళూ, జెండా కర్రలుగా ఉన్న రోజులవి. నేను కోనసీమ నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చి సర్వే పార్టీలో చేరాను. దొర మా పార్టీలో ఖలాసీ. అంకెలు గీసిన పొడుగాటి కర్రని నేల మీద నిటారుగా నిలబెట్టి కదలకుండా పట్టుకోవడం అతని పని. దూరాన యంత్రంలోంచి నేను ఆ అంకెలు చదువుకుంటాను. నాకు నెత్తి మీద గొడుగు ఉండేది, ఎందుకంటే యంత్రానికి ఎండ తగలకూడదు. కర్రకి ఎండ తగిలినా ఏమీ కాదు గనక కర్ర పట్టుకున్నవాడికి గొడుగు ఉండేది కాదు.

దొర కర్ర పట్టుకుంటే కళ్ళు మూసేసుకునేవాడు. ఆ ఎండలో అతను కళ్ళు తెరవలేడు మరి. కాళ్ళు ఎడంగా పెట్టి, గడ్డం కొంచెం పైకెత్తి, కళ్ళు మూసుకుని నిలబడితే, బొమ్మని తిరగేసి చూపించే ఆ యంత్రంలోంచి తలకిందులుగా కనిపించేవాడు. తలకిందులుగా కూడా నవ్వుమొహమే. నేను చెయ్యి ఊపితే అతనికి కనపడదు కాబట్టి విజిల్ వేసేవాణ్ణి. ఒక విజిల్ వేస్తే కదలొచ్చని గుర్తు. ఒక్కోసారి నేను లెక్క రాసుకుంటూ మరిచిపోతే అతను అలాగే ఉండిపోయేవాడు. "ఏవయ్యా, చెప్పొచ్చు కదా?" అంటే, "మీరు సదూకుంటన్నారేమో అనుకున్నాను బాబూ" అనేవాడు.

మార్చి వచ్చేసరికి ముఖం కమిలిపోయి, ముక్కు మీదా చెవుల మీదా తోలు పొరలుగా లేచేది. దాన్ని గిల్లి పారేసి, "పాము కుబుసం ఇడిసినట్టు నాను యేటా కొత్తోణ్ణి అయిపోతన్నాను బాబూ. మీరే పాతబడిపోతన్నారు" అని నన్ను ఆటపట్టించేవాడు. పొద్దున్నే ముఖానికి దట్టంగా కొబ్బరినూనె రాసుకుని వచ్చేవాడు. అది ఎండకి మందని వాళ్ళక్క నమ్మకం. మధ్యాహ్నానికి ఆ నూనె ముఖం మీద మెరుస్తూ ఉంటే చూడ్డానికి నాకే మంటగా ఉండేది.

అతని సంగతులు చెప్పమంటే రష్యా ఇంజనీరు కథతో మొదలుపెట్టాలి. వాళ్ళ బృందం ఒకటి స్థలం చూడ్డానికి వచ్చింది. అందులో ఒకాయన జీపు దిగి, మమ్మల్నందరినీ దాటుకుని, చేతులు చాపి నేరుగా దొర దగ్గరికి నడిచాడు. గబగబా తన భాషలో ఏదో మాట్లాడేశాడు. స్వదేశం మనిషి కనపడ్డాడన్న సంతోషం కాబోలు. దొర కర్ర వదలకుండా చెవి అటు తిప్పి, శ్రద్ధగా విని, "ఏటి బాబూ, మీదే ఊరు? దువ్వాడ పక్కనేనా?" అన్నాడు. మేం నవ్వలేక చచ్చాం. ఆయన కూడా సంగతి గ్రహించి నవ్వాడు. వెళ్ళేముందు మాత్రం నవ్వలేదు. దొర ముఖం కేసి కాసేపు చూసి, తన నెత్తి మీది గుడ్డ టోపీ, చుట్టూ వెడల్పాటి అంచు ఉన్నది, తీసి అతనికి పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు దొర ఆ టోపీ లేకుండా వచ్చాడు. ఎందుకు పెట్టుకోలేదని అడిగాను. "అది ఎడితే నిజం దొరనైపోతాను బాబూ. మా బావలు నవ్వుతారు. అక్క దాంట్లో ఉల్లిపాయలు పోసుకుంటంది" అన్నాడు. ఆ మాటకి అప్పుడు నేనూ నవ్వాను.

ఒక ఎండాకాలం దొర తువ్వాలు కట్టుకునే తీరు మారింది. అంతకుముందు నెత్తి మీద వదులుగా చుట్టుకునేవాడు. ఇప్పుడు ఎడమ చెవి పూర్తిగా కప్పేలా బిగించి, కొస దవడ కిందనుంచి తెచ్చి దోపుకుంటున్నాడు. తోటి ఖలాసీలంతా దువ్వాడ అవతల అతని ఊరివాళ్ళే, వరసకి బావలూ బావమరుదులూ. వాళ్ళలో ఒకడు ఒకరోజు తువ్వాలు పట్టుకు లాగాడు, సరదాకే. చెవి అంచున చిన్న పుండు. పైన పొక్కు కట్టి, కింద తడిగా ఉంది. తువ్వాలు లాగినవాడు దాన్ని మళ్ళీ దొర చేతికి ఇవ్వలేదు, నేల మీద వదిలేశాడు.

తెల్లతోలు, మానని పుండు. ఇంకేం కావాలి? ఆ రోజుల్లో ఆ వైపు ఊళ్ళలో కుష్ఠు అన్న మాట గట్టిగా పలికేవారు కాదు, "పెద్దరోగం" అనేవారు. మా ఖలాసీలు అది కూడా అనలేదు. టీ కొట్టులో దొరకి వేరే గ్లాసు పెట్టించారు. అంచున చిన్న పెచ్చు ఊడిన గ్లాసు, కడిగి వేరే మేకుకి తగిలించేవారు. దొర ఆ గ్లాసులో ఒక్కసారి కూడా టీ తాగలేదు. "టీ మానీసినాను బాబూ. పైత్యం సేస్తంది" అని చెట్టు నీడకి పోయి కూర్చునేవాడు. ఆ కొట్టువాడితో నేను పోట్లాడాను. వాడు నన్ను పై నుంచి కిందకి చూసి, "మీరు ఉద్యోగం సేసుకుని ఎల్లిపోతారు బాబూ. మాం ఇక్కడ బతకాల" అన్నాడు.

కొన్నాళ్ళకి కుష్ఠు నివారణ వాళ్ళు దొర వాళ్ళ ఊరు వచ్చారు. బడి వరండాలో ఊరందరినీ వరసగా కూర్చోబెట్టి ఒళ్ళు చూస్తున్నారు. మా పని ఆ పక్కనే జరుగుతోంది. దొరని మా వాళ్ళే తీసుకొచ్చి కూర్చోబెట్టారు, చేత్తో తాకకుండా. పరీక్ష చేసే ఆయన సన్నగా, ఓపిగ్గా ఉన్నాడు. "కళ్ళు మూసుకో. ఎక్కడ తగిలితే అక్కడ వేలు పెట్టి చూపించు" అన్నాడు. కళ్ళు మూసుకోవడం మా దొరకి చేతకాని పనా! దూదితో వీపు మీద తాకితే వీపు మీద వేలు పెట్టాడు. సూదిమొనతో మోచెయ్యి తాకితే మోచెయ్యి చూపించాడు. ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. చివరికి ఆయన చెవి పక్కన సూది ఆనించాడు.

"సంపీసినావు బాబూ!" అని దొర ఎగిరి గంతేశాడు.

"స్పర్శ చక్కగా ఉంది. ఇది కుష్ఠు కాదు" అన్నాడాయన.

అంతే, వరండా అదిరిపోయింది. బావలంతా ఒక్కసారి మీద పడి దొరని వాటేసుకున్నారు. వాళ్ళక్క అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. ఆ గోలలో పరీక్ష చేసినాయన దొర భుజం మీద చెయ్యేసి ఇంకా ఏదో చెబుతున్నాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను. "అది కాదు గానీ, ఈ పుండు ఇన్నాళ్ళు మానకపోవడం నాకు నచ్చలేదు. పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరుకి చూపించుకో. ఆలస్యం చెయ్యకు." దొర "అలగే బాబూ, అలగే" అని తల ఊపాడు. కళ్ళు మాత్రం బావల కోసం వెతుకుతున్నాయి.

సాయంత్రం టీ కొట్టువాడు స్వయంగా అందరి గ్లాసుల్లోంచి ఒకటి తీసి దొరకి టీ పోశాడు. దొర తాగి, మళ్ళీ పోయమన్నాడు. పోసినకొద్దీ తాగాడు. ఆ గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని, ముక్కు దగ్గరికి తెచ్చుకుని, చుట్టూ తిప్పి చూసుకున్నాడు. అంత సంతోషం అతని ముఖంలో ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

అప్పటినుంచి నా పోరు మొదలైంది. వారానికోసారి "ఆసుపత్రికి ఎప్పుడు?" అనేవాణ్ణి. మొదట్లో "ఎల్తాను బాబూ" అనేవాడు. తర్వాత "టెస్టు పాసైపోనాను కదా" అని నవ్వేవాడు. పుండు మీద పసుపు పెట్టేవాడు, వేపాకు నూరి పెట్టేవాడు, మందుల షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంటు పూసేవాడు. అది కొంచెం ఆరినట్టుండి మళ్ళీ పొక్కు రాలి రక్తం వచ్చేది. ఒకరోజు నేను విసిగిపోయి అరిచాను. అప్పుడు అసలు మాట బయటపెట్టాడు.

"ఆ తోలు డాక్టరు గది ముందర లైను ఉంటాది, సూసేరా బాబూ? యేళ్ళు పోయినోళ్ళు, ముక్కు పోయినోళ్ళు, అందరూ అందులోనే ఉంటారు. నాను ఆళ్ళ పక్కన నిలబడినప్పుడు మా ఊరోడు ఒక్కడు సూస్తే సాలు. మల్లీ నా గలాసు యేరే అయిపోద్ది."

"ప్రాణం కంటే గ్లాసు ఎక్కువైందటయ్యా నీకు?"

"సావు ఒకపాలే వొస్తాది బాబూ. గలాసు రోజూ ఉంటాది" అన్నాడు.

కోపమొచ్చి రెండు రోజులు అతనితో మాట్లాడటం మానేశాను. అతను కర్ర పట్టుకుని కళ్ళు మూసుకుని నిలబడుతూనే ఉన్నాడు. తువ్వాలు ఇంకా బిగుతుగా కట్టుకుంటున్నాడు. మరుసటేడు వచ్చేసరికి దగ్గరికి వెళితే తువ్వాలు వాసన వేసేది. బావలు ఆ వాసన పట్టించుకోలేదు. ఆ రోగం కాదని తేలిపోయాక వాళ్ళ దృష్టిలో అది ఉత్త పుండు.

ఒకరోజు తెల్లారేసరికి గాజువాకలో మా అద్దె ఇంటి గుమ్మం ముందు దొర నిలబడి ఉన్నాడు. పక్కన వాళ్ళక్క కూతురు. వాళ్ళింట్లో తరతరాలుగా మేనరికాలే. ఈ పిల్ల కూడా అచ్చం మేనమామలాగే తెల్లగా పుట్టింది. అదే జుట్టు, అవే కళ్ళు. హైస్కూల్లో చదువుతోంది. రెండు జడలు, రిబ్బన్లు. ఒక చేత్తో బుగ్గ మూసుకుని నేల చూపులు చూస్తోంది.

"దీని బుగ్గ మీద పొక్కు లేసినాది బాబూ. గీరుకుంటే రగతం వొస్తంది. మానటం నేదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నాదీ ఇలగే మొదలైనాది" అన్నాడు.

నేను చొక్కా వేసుకుని బయల్దేరాను. మా ఆవిడ పిల్లకి గొడుగిచ్చింది. ఆసుపత్రిలో చర్మం డాక్టరు గది ముందు లైను దొర చెప్పినట్టే ఉంది. ఏ లైను కోసం ఇన్నాళ్ళు భయపడ్డాడో ఆ లైన్లో మేనకోడలి చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. ముందున్న ముసలాయనకి వేళ్ళు లేవు. అగ్గిపుల్ల గీసుకోలేక అవస్థ పడుతుంటే దొర తన అగ్గిపెట్టె తీసి బీడీ వెలిగించి నోట్లో పెట్టాడు. "మీదే ఊరు తాతా?" అని కబుర్లలో పడ్డాడు.

డాక్టరు మధ్యవయసావిడ. పిల్ల బుగ్గని కిటికీ వెలుతురులోకి తిప్పి, భూతద్దంతో చూసింది. "ఎన్నాళ్ళయింది?"

"దీపావళి ముందు నుంచమ్మా."

"మంచి పని చేశారు, చిన్నగా ఉండగానే తెచ్చారు. ఇది ముదిరితే కేన్సర్ అవుతుంది. ఇప్పుడు తీసేస్తే రెండు కుట్లతో పోతుంది." తర్వాత దొర వైపు తిరిగింది. "మీరు ఆ తలగుడ్డ తియ్యండి."

"నాకేటి నేదమ్మా. నాది పరీక్ష అయిపోనాది."

ఆవిడ లేచి వచ్చి తనే తువ్వాలు విప్పింది. కింద సగం చెవి లేదు. ఉన్న సగం కూడా చెవిలా లేదు. నేను అంత పని జరిగిందనుకోలేదు. ఆవిడ అతని దవడ కింద, మెడ మీద వేళ్ళతో తడిమింది. ఒకచోట వేళ్ళు ఆగిపోయాయి. అక్కడే మళ్ళీ మళ్ళీ నొక్కి చూసింది.

"చూపించుకోమని మీకెవరూ చెప్పలేదా?"

"సెప్పినారమ్మా. ఈ బాబు సెప్పినాడు. ఆ సూదులాయనా సెప్పినాడు. ఆ రోగం కాదన్నారు కదా, మరింక ఏ రోగమూ కాదనుకున్నాను."

కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, ఇద్దరికీ కలిపి చెప్పింది. "నా ఒంటికీ ఈయన ఒంటికీ ఉన్న రంగు ఒక గొడుగులాంటిది. మీ ఇద్దరికీ పుట్టుకతోనే ఆ గొడుగు లేదు. ఎండ మీకు పడదు. నిండా చేతులున్న చొక్కా, పెద్ద అంచు టోపీ, గొడుగు, ఇవి షోకు కాదు, మీకు మందు. ఒంటి మీద ఏ పొక్కు లేచినా, ఏ పుండు నెలలోపు మానకపోయినా, నొప్పి ఉన్నా లేకపోయినా, ఇక్కడికి రావాలి." పిల్ల తల ఊపింది. దొర, "టోపీ ఉండీదమ్మా" అన్నాడు.

పిల్ల బుగ్గకి కుట్లు పడ్డాయి, మానాయి. దొరకి చెవి మొత్తం తీసేశారు. మెడలో గడ్డలు తీశారు, ఆ తర్వాత కరెంటు, అదే రేడియేషన్, పెట్టారు. చెయ్యగలిగినదంతా చేశారు. అయినా మెడలో మళ్ళీ గడ్డ లేచింది. ఆ వానాకాలం వెళ్ళేలోపే పోయాడు. బావలందరూ వచ్చి మోశారు. అప్పటికి నేను ఉక్కునగరం క్వార్టర్లోకి మారాను.

చివరిసారి అతని దగ్గర కూర్చున్నది మాత్రం ఆ ముందు ఎండాకాలంలో. బత్తాయిలు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. నులక మంచం మీద, తలకి కట్టుతో, ఎముకల గూడులా ఉన్నాడు. నేను కుర్చీలో కూర్చున్నానో లేదో వాళ్ళక్క మొర మొదలుపెట్టింది. "మీరైనా సెప్పండి బాబూ. పిల్లని మల్లీ తెచ్చి సూపించమన్నాది డాక్టరమ్మ. ఇది రానంతాది. మావకి సెవి కోసీసినారు, నాకు ముక్కు కోసేత్తారు అని ఏడుస్తాది."

పిల్ల లోపలి గుమ్మం దగ్గర చీకట్లో నిలబడి ఉంది. నిండా చేతుల చొక్కా తొడుక్కుంది.

"ఇలగ రా అమ్మీ" అన్నాడు దొర. ఆ పిల్ల వచ్చింది. అతను రెండు చేతులూ తల వెనక్కి పోనిచ్చి కట్టు విప్పడం మొదలుపెట్టాడు.

"ఒరే, పిల్లకి అది సూపించకురా. అన్నం తినదురా!" అని అక్క అడ్డం వచ్చింది.

"సూడనీ. దాసిపెట్టే కదా ఇంతకి తెచ్చుకున్నాను." కట్టు ఊడింది. నేను గోడవైపు తిరిగిపోయాను. నిజం చెబుతున్నాను, చూడలేకపోయాను. అతని గొంతు మాత్రం వినపడుతోంది. ముందులా గట్టిగా లేదు, దవడ సరిగా తెరుచుకోదు.

"సూడు. మొకం తిప్పకు. డాక్టరమ్మ కాడికి ఎల్లినందుకు కొయ్యలేదే నా సెవి. ఎల్లనందుకు కోసినారు. నీ బుగ్గకి ఎంటనే ఎల్లినాం. నీ బుగ్గ ఉన్నాదా నేదా? తడుముకుని సూసుకో."

నేను ఇటు తిరిగేసరికి ఆ పిల్ల ఇంకా ఆ గాయాన్నే చూస్తోంది. ఒక చెయ్యి బుగ్గ మీద ఉంది. నాకు చేతకానిది ఆ పిల్ల చేసింది, కళ్ళు తిప్పుకోలేదు. తర్వాత నెమ్మదిగా చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచి, మేనమామ ముందుకి చాపింది.

"మావా, ఇక్కడ ఇంకోటి ఉన్నాది" అంది. "ఉగాది కాణ్ణించి ఉన్నాది. సెప్పలేదు."

వాళ్ళక్క నోట్లో కొంగు కుక్కుకుంది. దొర ఆ చేతిని ముక్కు దగ్గరికి లాక్కున్నాడు. కళ్ళు అటూ ఇటూ కదులుతుంటే, ఒకచోట నిలపడానికి ప్రయత్నిస్తూ, ఆ పొక్కు చుట్టూ బొటనవేలితో రాశాడు.

"సిన్నదే" అన్నాడు. "సిన్నదే ఇది."

తర్వాత నా వైపు ముఖం తిప్పాడు. "పెద్దాసుపత్రికి పొద్దున్న మొదటి బస్సు ఎన్నింటికి బాబూ?"

చెప్పాను.

"దీన్ని మీరు తీసుకెల్లండి. దారంతా గొడుగు పట్టండి. లైన్లో మాత్రం మొకం కప్పుకోనియ్యకండి బాబూ. అందరికీ అగుపించేలాగ నిలబెట్టండి."